పండగ భోజనానికి తక్కువ ధరలో తగిన వైన్ ఎంచుకోవడం ఎలా?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కొన్ని ఇళ్లలో క్రిస్మస్ విందుకో, కొత్త సంవత్సరపు రాత్రికో, కనుమ నాటి మాంసాహార భోజనానికో ఒక సీసా వైన్ తెచ్చుకునే అలవాటు మొదలైంది. తెచ్చేవారిలో చాలామంది ధర ఎక్కువైతే రుచి కూడా గొప్పగా ఉంటుందన్న నమ్మకంతో ముదురు ఎర్ర వైన్ కొంటారు. అది చేపల పులుసు పక్కకు రాగానే చేదెక్కి, డబ్బూ రుచీ రెండూ దండగవుతాయి. మన వంటకు వైన్ ఎంచేటప్పుడు మాంసమా, చేపా అన్న ప్రశ్న కంటే పులుపు ఎంత, కారం ఎంత అన్న లెక్కే ముఖ్యం. ఆ లెక్క తెలిస్తే తక్కువ ధర సీసాయే విందును నిలబెడుతుంది.

1. ముందు వంటలు తేల్చుకోండి

దుకాణానికి వెళ్లేముందే ఆ రోజు వండబోయేవన్నీ ఒక కాగితం మీద రాసి, ప్రతి వంట ఎదుట దానిలో పైకి తేలే రుచిని గుర్తు పెట్టుకోండి. పులుసుకు పులుపు, వేపుడుకు నూనె, కారం, బిర్యానీకి మసాలా, నెయ్యి, కాజాకు తీపి అని రాసుకుంటే చాలు. అన్నిటికీ వేరువేరు సీసాలు అక్కరలేదు. ఎక్కువమంది ఎక్కువసేపు తినే వంట ఏదో చూసి, దానికి సరిపడే వైన్‌నే ప్రధానంగా తీసుకోవాలి.

2. చేపల పులుసుకు తెల్ల వైన్

మామిడికాయ ముక్కలు వేసి, చింతపండు రసం చిక్కగా పిండి, పైన నూనె తేలేదాకా మట్టిదాకలో మరిగించిన బొమ్మిడాయిల పులుసు వైన్‌కు గట్టి పరీక్ష పెడుతుంది. పులుపు తిన్న నాలుకకు అంతకంటే పులుపు తక్కువైన వైన్ చప్పగా, నీళ్లలా అనిపిస్తుంది. అందువల్ల వైన్‌లోనూ పులుపు బాగా ఉండాలి. చింతపండు పులుపుకూ ద్రాక్ష పులుపుకూ మూలం చాలావరకు ఒకటే, టార్టారిక్ ఆమ్లం. తగిన తెల్ల వైన్ పులుసుతో ఇంత సహజంగా కలిసిపోవడానికి అదే కారణమని నా అభిప్రాయం.

కారం సంగతి వేరు. మిరపకాయ మంటను నాలుకకు తెలియజేసే నాడులనే ఆల్కహాల్ కూడా రేపుతుంది కాబట్టి, ఆల్కహాల్ ఎక్కువున్న వైన్ తాగితే మంట ఇంకా పెరుగుతుంది. కొద్దిపాటి తీపి, చల్లదనం ఆ మంటను అణచిపెడతాయి. ఈ మూడు అవసరాలనూ తీర్చేది షెనిన్ బ్లాంక్ ద్రాక్షతో చేసిన, కొంచెం తీపి మిగిల్చిన తెల్ల వైన్. నాసిక్ ప్రాంతపు సూలా, యార్క్ సంస్థలు ఈ ద్రాక్షతో వైన్ చేస్తున్నాయి. సీసా మీద ఆల్కహాల్ 12 శాతం, ఆ చుట్టుపక్కల ఉన్నది చూసుకోండి. సావిన్యోన్ బ్లాంక్ అనే మరో ద్రాక్షతో చేసిన తెల్ల వైన్‌లో పులుపు ఇంకా ఎక్కువ, తీపి దాదాపు ఉండదు. కారం తగ్గించి వండే ఇళ్లకు అది బాగుంటుంది.

ఎర్ర వైన్‌ను మాత్రం చేపల దగ్గరకు రానివ్వకండి. అందులోని వగరు కారంతో కలిసి చేదుగా మారుతుంది. అదీగాక ఎర్ర వైన్‌లో ఇనుము ఎక్కువగా ఉంటే చేప తిన్న నోటిలో నీచు వాసన పుంజుకుంటుందని 2009లో జపాన్ పరిశోధకులు తేల్చారు.

3. రొయ్యల వేపుడు, గారెలు, బిర్యానీ

నూనెలో వేగిన వాటికి స్పార్క్లింగ్ వైన్‌ను మించినది లేదు. దాని బుడగలూ పులుపూ నాలుకకు పట్టిన జిడ్డును కడిగేస్తాయి. కనుమ నాడు మినుము కొరకాలంటారు కదా, ఆ రోజు గారెలు దించుతున్నప్పుడే చల్లని స్పార్క్లింగ్ వైన్ చిన్న గ్లాసుల్లో పోసి ఇవ్వవచ్చు. ధర కాస్త ఎక్కువ కాబట్టి ఒక్క సీసాతో సరిపెట్టండి. కోడి బిర్యానీకి, రొయ్యల ఇగురుకు రోజా రంగులో ఉండే రోజే వైన్ చాలు.

4. ఎర్ర వైన్ కావాలంటే

వేట మాంసం వేపుడు, మసాలా దట్టించిన ముక్కల కూర ఉన్నచోట షిరాజ్ ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్ పనికొస్తుంది, ఎందుకంటే ఆ ద్రాక్షలోనే మిరియాల వాసన ఉంటుంది. మాంసంలోని కొవ్వు, ఉప్పు వగరును మెత్తబరుస్తాయి. గోంగూర మాంసానికి మాత్రం నేను మళ్లీ తెల్ల వైన్ వైపే మొగ్గుతాను, ఆ పులుపు ముందు షిరాజ్ నిలవదు.

5. తీపి వంటకాలకు

వైన్ ఎప్పుడూ మిఠాయి కంటే తియ్యగా ఉండాలి, లేకపోతే పుల్లగా తోస్తుంది. పాకంలో నానిన నెల్లూరు మలై కాజాను మించిన తీపి వైన్ తక్కువ ధరలో దొరకడం కష్టం. కాజాను విడిగానే తినండి. ప్లమ్ కేకుకు మాత్రం పోర్ట్ పేరుతో అమ్మే చవక తీపి ఎర్ర వైన్ చక్కగా అమరుతుంది.

6. దుకాణంలో ఏం చూడాలి

విదేశీ సీసా ధరలో దిగుమతి సుంకం, రాష్ట్ర పన్ను పెద్ద వాటా తీసుకుంటాయి. అదే డబ్బుకు మహారాష్ట్రలోని నాసిక్, అకలూజ్, బెంగళూరు దగ్గరి నంది కొండల ప్రాంతపు వైన్ మెరుగైనది వస్తుంది. మన ఊళ్ల దుకాణాల్లో విస్కీ, బ్రాందీలే ఎక్కువగా అమ్ముడుపోవడంతో వైన్ సీసాలు ఎండ తగిలే అరలో నెలల తరబడి ఉండిపోతాయి, వేడికి వైన్ చెడుతుంది. లేబుల్ మీద ద్రాక్ష కోసిన సంవత్సరమో, సీసాలో నింపిన తేదీయో చూసి, తెల్ల వైన్, రోజే అయితే రెండేళ్లు దాటనివే తీసుకోండి. పాతబడిన కొద్దీ రుచి పెరుగుతుందన్న మాట చవక వైన్‌కు వర్తించదు. బిరడా పైకి ఉబికినా, సీసా మెడ జిగురుగా ఉన్నా వద్దనండి. పొరుగు రాష్ట్రంలో చవక అని సీసాలు తెచ్చుకునేముందు ఎక్సైజ్ నిబంధనలు తెలుసుకోండి. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి అమ్మరాదు, పోయరాదు.

750 మిల్లీలీటర్ల సీసాకు 150 మిల్లీలీటర్ల గ్లాసులు ఐదు వస్తాయి. తాగేవారు ఎనిమిదిమంది ఉంటే రెండు సీసాలు సరిపోతాయి. వాహనం నడపాల్సినవారికి, మందులు వాడుతున్నవారికి, గర్భిణులకు ద్రాక్షరసం సిద్ధంగా ఉంచండి.

7. చల్లబరచడం, వడ్డించడం

తెల్ల వైన్, రోజే ఫ్రిజ్‌లో మూడు గంటలు ఉంచితే 8 నుంచి 10 డిగ్రీలకు చేరతాయి. స్పార్క్లింగ్ ఇంకా చల్లగా ఉండాలి, లేకపోతే మూత తీయగానే పొంగిపోతుంది. ఎర్ర వైన్‌ను గది వేడిలోనే తాగాలన్న సలహా చలిదేశాలది. డిసెంబరు మధ్యాహ్నం కూడా మన ఇళ్లలో 27, 28 డిగ్రీలు ఉంటుంది కనుక దాన్నీ గంటకు పైగా ఫ్రిజ్‌లో పెట్టి 16, 17 డిగ్రీలకు దించండి. లేకుంటే ఆల్కహాల్ ఘాటు తప్ప మరేమీ తెలియదు. చోటు లేకపోతే బకెట్‌లో ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు కలిపి సీసాను మెడ దాకా ముంచితే అరగంటలోపే చల్లబడుతుంది.

గ్లాసును మూడో వంతుకు మించి నింపకండి. పైన మిగిలిన ఖాళీలోనే వైన్ వాసన నిలుస్తుంది. మిగిలిన వైన్‌కు బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెడితే మూడు రోజుల వరకు తాగవచ్చు. స్పార్క్లింగ్ వైన్ మాత్రం తెరిచిన రోజే ముగించాలి.