సీసాను తప్పుపట్టే ముందు: కాలిఫోర్నియా రెడ్ బ్లెండ్ల సమస్యలు, పరిష్కారాలు

ఆగస్టులో ఒక సాయంత్రం, సాన్ హోసేలో మిత్రుడి ఇంట్లో 2013 పంట నాపా బ్లెండ్ తెరిచారు, అంటే కాలిఫోర్నియా నాపా లోయలో రకరకాల ద్రాక్షలు కలిపి చేసిన రెడ్ వైన్. ఏళ్ల తరబడి దాచుకున్న సీసా. మొదటి గుక్కకే అందరి మొహాలూ మాడిపోయాయి. ఘాటు, వగరు, గొంతులో మంట. పాడైపోయిందని సింకు దగ్గరికి పట్టుకెళ్తుంటే ఆపాను. సీసాను ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత వైన్‌ను గాజు కూజాలోకి వంచి గంటన్నర వదిలేశాం. భోజనాలకి కూర్చునే వేళకి అదే వైన్‌లో నేరేడు పండు, దేవదారు చెక్క, కొంచెం ఎండు పొగాకు వాసన. చివరి చుక్క దాకా ఎవరూ వదల్లేదు.

పారబోసే సీసాల్లో చాలావాటికి ఏ లోపమూ ఉండదని ఇన్నేళ్ల అనుభవం మీద చెప్తున్నాను. రుచి తేడాగా అనిపిస్తే మొదట వేడిని చూడండి, తర్వాత వైన్ వయసును, అది ఏ ఏటిదో చూడండి. సీసాలో లోపం ఉందా అన్నది ఆఖరి ప్రశ్న.

గొంతు మండుతోంది, జామ్ తిన్నట్టుంది

తొంభై శాతం కేసు వేడిదే. రెడ్ వైన్ గది వేడిలోనే తాగాలన్న మాట యూరప్‌లో చల్లటి రాతి ఇళ్ల నాటిది. మన హాల్లో ఎండాకాలం 78 ఫారెన్‌హీట్ ఉంటుంది. అంత వేడిలో ఆల్కహాల్ ముందుగా ముక్కుకి తగులుతుంది, పండు వాసన దాని వెనక దాక్కుంటుంది. పైగా నాపా బ్లెండ్లలో ఆల్కహాల్ 14.5 శాతం, అంతకు మించి ఉండటం మామూలే. 14 శాతం దాటిన వైన్లకి లేబుల్ మీద అంకె ఒక శాతం అటూ ఇటూ ఉండటానికి అమెరికా చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి 14.5 అని రాసున్న సీసాలో 15.5 ఉండొచ్చు.

60 నుంచి 65 ఫారెన్‌హీట్, అంటే 16–18 సెల్సియస్ మధ్య పోయండి. ఫ్రిజ్‌లో ముప్పావుగంట, లేదా ఐసూ నీళ్లూ కలిపిన బకెట్‌లో పది నిమిషాలు చాలు.

వేడి సరిగ్గా ఉన్నా మండుతుంటే పళ్లెంలోకి చూడండి. మిరప కారం ఆల్కహాల్ మంటనీ వైన్ వగరునీ రెండింటినీ పెంచుతుంది. గుంటూరు కారం దట్టించిన కోడి వేపుడు పక్కన పదిహేను శాతం బ్లెండ్ పెడితే రెండూ నష్టపోతాయి. మిరియాలు, ధనియాలతో నెమ్మదిగా వేగిన మటన్ పెట్టండి. మాంసం, కొవ్వు, ఉప్పు కలిసి వగరును అణుస్తాయి.

నోరు పిడచకట్టుకుపోతోంది, వాసన మాత్రం ఏమీ లేదు

ఇక్కడ మన భాష మనకి పెద్ద వరం. వగరు అనే రుచికి విడిగా పేరుండి, ఏటా ఉగాది పచ్చడిలో దాన్ని వెతుక్కుని తినేవాళ్లం. వక్కపలుకు నమిలినప్పుడు, సరిగా పండని నేరేడు కొరికినప్పుడు నాలుక మొద్దుబారుతుందే, అదే టానిన్. ద్రాక్ష తొక్క, గింజ, ఓక్ పీపా, ఈ మూడింటి నుంచీ దిగుతుంది. లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటుంది, అందుకే నోరు ఆరిపోతుంది.

కారణం రెండింట్లో ఒకటి. వైన్ ఇంకా లేతగా ఉండొచ్చు, లేదా మధ్యవయసులో మూసుకుపోయి ఉండొచ్చు. మంచి బ్లెండ్ విడుదలైన కొత్తలో పండు వాసనతో బాగానే ఉంటుంది, ఆ తర్వాత కొన్నేళ్లు నోరు మెదపదు, మళ్లీ తెరుచుకుంటుంది. ఆవకాయ పెట్టిన మూడో రోజున ఉప్పు, కారం, ఆవ ఘాటు దేనికది తగులుతాయి, ఊరాక ముక్కలోకి దిగి ఒకటవుతాయి. కాబర్నే సావిన్యాన్, మెర్లో, కాబర్నే ఫ్రాంక్, పెతీ వెర్దో అనే ద్రాక్ష రకాలు కలిసిన సీసాలోనూ ఊరే కాలం ఒకటి ఉంటుంది, కాకపోతే వారాలకి బదులు ఏళ్లు పడుతుంది.

ద్రాక్ష ఎక్కడ పండిందో కూడా చూడండి. హోవెల్ మౌంటెన్, స్ప్రింగ్ మౌంటెన్, మౌంట్ వీడర్ లాంటి కొండల మీద కాయ చిన్నది, రసంతో పోలిస్తే తొక్క ఎక్కువ, కాబట్టి వగరూ ఎక్కువ. లోయ అడుగున పండిన వాటికి అంత ఓపిక అక్కర్లేదు. మెర్లో వాటా ఎక్కువగా ఉన్న బ్లెండ్ త్వరగా మెత్తబడుతుంది.

కూజాలోకి వంచి రెండు నుంచి నాలుగు గంటలు వదలండి. అరగంటకోసారి ఒక గుక్క రుచి చూసి రాసుకోండి. మూడో గంటకి పండు వాసన పైకొస్తే, మిగతా సీసాలు ఒకటి రెండేళ్లలో సిద్ధమవుతాయని లెక్క. నాలుగు గంటలకీ గోడలాగే ఉంటే మూడేళ్లు వాటి జోలికి పోవద్దు.

అదే లేబుల్, కిందటిసారి రుచి లేదు

ఈ ఫిర్యాదే నేను ఎక్కువగా వింటాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయమూ ఇదే.

అమెరికాలో లేబుల్ మీద ఒక ద్రాక్ష పేరు రాయాలంటే సీసాలో ఆ ద్రాక్ష కనీసం 75 శాతం ఉండాలి. ఆ గీత దగ్గర ఆగకుండా, ఏ ఏటికి తగ్గట్టు ఆ ఏడు కలపాలనుకున్నవాళ్లు సొంత పేర్లు పెట్టుకున్నారు. జోసెఫ్ ఫెల్ప్స్ వైనరీ వారి ఇన్‌సిగ్నియా 1974 పంటతో మొదలైంది. రాబర్ట్ మొండావి, ఫ్రాన్స్‌కు చెందిన బారన్ ఫిలిప్ ద రోత్‌షీల్డ్ కలిసి చేసిన ఓపస్ వన్‌కి మొదటి పంట 1979. డొమినస్ 1983 పంటతో, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ఐదు ద్రాక్షలు కలిపిన కెయిన్ ఫైవ్ 1985 పంటతో మొదలయ్యాయి. 1988లో మెరిట్, హెరిటేజ్ మాటలు కలిపి ఇలాంటి బ్లెండ్లకి మెరిటేజ్ అనే పేరు పుట్టించారు. దాన్ని హెరిటేజ్‌తో ప్రాస కలిసేలా పలకాలి, ఫ్రెంచి యాస అక్కర్లేదు.

కూపర్టినో వీధుల్లోంచి తలెత్తితే కనిపించే కొండ మీదే రిడ్జ్ వైనరీ వారి మోంటె బెల్లో తోట ఉంది. అక్కడ ఒక్కో మడిని విడిగా పులియబెట్టి, రుచి చూసి, ఏది కలపాలో ఏది పక్కన పెట్టాలో తేలుస్తారు. అలాంటప్పుడు నిష్పత్తి ఏటా మారక తప్పదు. లేబుల్ అదే అయినా లోపలున్నది ఆ ఏటి వైన్.

కాబట్టి సీసా మీద పంట ఏడు చదవడం అలవాటు చేసుకోండి. 2011 చల్లటి ఏడు, కోత వేళ అక్టోబరులో వానలు. ఆ ఏటి సీసాలో పచ్చి క్యాప్సికం వాసన తగిలితే అది లోపం కాదు. పూర్తిగా పండని కాబర్నే కుటుంబపు సహజ వాసన అది. ఒక అరగంట గాలి తగలనిచ్చి వేయించిన కూరగాయలు, పుట్టగొడుగులతో పోస్తే 2011 చాలా హాయిగా తాగొచ్చు. 2012, 2013, 2014 మూడూ పొడి ఏళ్లు. వాటిలో 2013 గట్టి వగరున్న ఏడు. 2016, 2018, 2019 నిండుగా ఉంటాయి. 2021 కరువు ఏడు కాబట్టి పంట తక్కువ, రుచి చిక్కన. 2022 సెప్టెంబరు మొదట్లో వారం పైగా 100 ఫారెన్‌హీట్ దాటిన ఎండలు కాశాయి, ఎండకి ముందు కోశారా తర్వాత కోశారా అన్నదాన్ని బట్టి సీసాకీ సీసాకీ తేడా వస్తుంది. 2023 నెమ్మదిగా, చల్లగా, ఆలస్యంగా పండింది. డబ్బు పెట్టి దాచదలచుకుంటే ఇప్పుడు నేను కొనేది 2023నే.

చాలా వైనరీల సైట్లలో ప్రతి ఏటికీ ఒక పేజీ ఉంటుంది. ద్రాక్షల శాతాలు, కోత తేదీలు అందులో దొరుకుతాయి. మీకు నచ్చిన ఏటి శాతాలు రాసుకుని, కొత్త ఏటివి పక్కన పెట్టి చూసుకుంటే తేడా ఎందుకొచ్చిందో సగం తెలిసిపోతుంది. మిగతా సగం తెలియాలంటే రెండు ఏళ్ల సీసాలు పక్కపక్కన తెరవాలి. ఒకే రకం గ్లాసులు, మనిషికి 60 మిల్లీలీటర్లు చాలు, ఒక సీసా పన్నెండు మందికి వస్తుంది.

మింగాక నోట్లో బూడిద

గ్లాసులో వాసన చూస్తే బాగానే ఉంటుంది. మింగిన అర నిమిషానికి మాత్రం ఆరిన పొయ్యి నాకినట్టుంటుంది. ఇది అడవి మంటల పొగ. 2020 ఆగస్టులో మెరుపుల మంటలు, సెప్టెంబరు చివర్లో గ్లాస్ ఫైర్ అనే కార్చిచ్చు, రెండూ ద్రాక్ష ఇంకా తీగ మీద ఉండగానే వచ్చాయి. చాలా వైనరీలు ఆ ఏడు రెడ్ వైనే చెయ్యలేదు, స్ప్రింగ్ మౌంటెన్ మీద కెయిన్ వైనరీ కట్టడాలు కాలిపోయాయి. 2017 మంటలు అక్టోబరు 8 రాత్రి మొదలయ్యాయి గానీ, అప్పటికే కోత చాలావరకు అయిపోయింది.

పొగలోని గ్వాయకాల్ లాంటి పదార్థాలు ద్రాక్షలోని చక్కెరకు అతుక్కుని వాసన లేకుండా దాక్కుంటాయి. తర్వాత సీసాలోనూ, మన నోట్లోనూ మెల్లగా విడిపోతాయి. అందుకే దీనికి ఇంట్లో మందు లేదు, దాచితే ఇంకా పెరుగుతుంది. 2020 సీసాలన్నీ ఇలా ఉండవు, కానీ మీ దగ్గర ఒకటికి మించి ఉంటే ఇప్పుడే ఒకటి తెరిచి చూడండి. బూడిద తగిలితే మిగతావి దాచకండి.

తడిసిన అట్టపెట్టె వాసనా, కాలిన అగ్గిపుల్ల వాసనా?

రెండూ చెడ్డ వాసనలే. కానీ ఒకటి బాగుపడుతుంది, ఇంకొకటి బాగుపడదు. తేల్చేది గాలి.

తడి అట్ట, వానకి నానిన పాత పేపర్ల వాసన కార్కు జబ్బు. టీసీఏ అనే పదార్థం లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా పండు వాసనను మింగేస్తుంది. గాలి తగిలేకొద్దీ ఇది ఎక్కువవుతుంది. ఆరోగ్యానికి హాని లేదు, వైన్‌కి మాత్రం విరుగుడు లేదు. కార్కు మళ్లీ బిగించి, రసీదుతో కొన్నచోటికి తీసుకెళ్లండి. మంచి షాపులు, వైనరీలు మార్చి ఇస్తాయి.

అగ్గిపుల్ల, కుళ్లిన గుడ్డు వాసనైతే గంధకం. తయారీలో గాలి తక్కువై పుట్టింది. కూజాలో గట్టిగా తిప్పితే అరగంటలో తగ్గుతుంది. తగ్గకపోతే శుభ్రంగా తోమిన రాగి చెంచాతో గ్లాసులో పది సెకన్లు కలిపి తీసెయ్యండి, రాగి ఆ గంధకాన్ని పట్టేస్తుంది. వైన్‌ను రాగి చెంబులో మాత్రం పొయ్యకండి. కళాయి లేని గిన్నెలో పులుసు పెడితే కిలుం పట్టినట్టే పుల్లటి వైన్‌లోకీ రాగి దిగుతుంది.

గోళ్ల రంగు తుడిచే మందు వాసన ఘాటుగా ఉంటే వైన్ వెనిగర్ దారి పట్టింది. దాన్ని వదిలెయ్యండి. కొట్టం వాసన బ్రెట్ అనే ఈస్టుది, కొద్దిగా ఉంటే కొందరికి ఇష్టమే.

కార్కు పైకి లేచింది, సీసా మెడ జిగురుగా ఉంది

వేడికి వైన్ ఉబ్బి కార్కును తోసింది. లోపల రుచి ఉడికిన ఎండు ద్రాక్షలా, రంగు ముదురు ఇటుకలా ఉంటే ఇక చేసేదేమీ లేదు. ఇది ముందే ఆపాల్సిన సమస్య.

ఇక్కడ కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, డబ్లిన్, ట్రేసీ వైపు మనవాళ్ల ఇళ్లలో వైన్ పెట్టెలు గరాజ్‌లోనే ఉంటాయి. జులైలో ఆ గరాజ్ మధ్యాహ్నం 100 ఫారెన్‌హీట్ దాటుతుంది, రాత్రికి 65కి దిగుతుంది. ఆ ఎక్కడం దిగడమే కార్కును సడలిస్తుంది. కావలసింది 55 ఫారెన్‌హీట్ దగ్గర నిలకడ, 60–70 శాతం తేమ, చీకటి. సీసా అడ్డంగా పడుకుంటే కార్కు తడిగా ఉంటుంది. వైన్ ఫ్రిజ్ కొనలేకపోతే కింది అంతస్తులో బయటి గోడ తగలని అల్మరా చూసుకోండి. అక్కడ 68 ఉన్నా సరే, రోజంతా 68 ఉండటం ముఖ్యం. వైన్ కాస్త త్వరగా ముదురుతుంది, అంతే. వంటింటి ఫ్రిజ్ నెలల తరబడి వద్దు, ఆ పొడి గాలికి కార్కు ఎండిపోతుంది.

వైనరీ క్లబ్ సభ్యత్వం ఉంటే వేసవి పార్సిల్‌ను అక్టోబరు దాకా ఆపమని వైనరీకి రాయండి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్, విజయవాడ వెళ్లేటప్పుడు మీ మంచి పాత సీసాను పట్టుకెళ్లకండి. అక్కడ కారు డిక్కీలో ఒక్క మధ్యాహ్నం ఉంటే పదేళ్ల శ్రద్ధ పోతుంది.

అడుగున మడ్డి, కార్కుకి గాజు పలుకులు

పలుకులు గాజు కాదు. చింతపండుకి పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లపు లవణ స్ఫటికాలే, తిన్నా ఏమీ కాదు. మడ్డి రంగూ టానినూ కలిసి పేరుకున్నది. రెండు రోజుల ముందు సీసాను నిలబెట్టండి. మెడ కింద ఫోన్ లైటు పెట్టుకుని, చెయ్యి వణక్కుండా ఒకే వాటంగా తేట వంచండి. మడ్డి మెడ దాకా రాగానే ఆపెయ్యండి. పాత కార్కు పొడి అవుతుంటే మర సూది వద్దు, పక్కల్లోంచి దిగే రెండు రేకుల ఓపెనర్ వాడండి. ముక్కలు పడితే స్టీలు టీ జల్లెడతో వడగట్టుకోవచ్చు.

ఇరవై ఏళ్లు దాటిన సీసాను గంటల తరబడి కూజాలో ఉంచకండి. తేట వంచిన పావుగంటకి పోసేయండి, దాని వాసన నిలవదు.

ఎప్పుడు తెరవాలో తెలియడం లేదు

ఒక్క సీసా కొని దాచేవాళ్లకి ఈ బెంగ ఎప్పటికీ తీరదు. మూడు కొనండి. ఐదో ఏట ఒకటి తెరిచి, దాన్ని బట్టి రెండోది ఎనిమిదికో పన్నెండుకో నిర్ణయించుకోండి. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి అంచు చూడండి. ఊదాగా ఉంటే లేత, దానిమ్మ గింజ ఎరుపైతే మధ్యవయసు, ఇటుక రంగైతే ఆలస్యం చెయ్యకండి. మంచి ఏటి కొండ బ్లెండ్ సరైన చోట ఉంటే ఇరవై ఏళ్లు సులువుగా నిలుస్తుంది. 1976లో పారిస్‌లో కాలిఫోర్నియా, ఫ్రెంచి వైన్ల మధ్య జరిగిన పోటీలో 1971 మోంటె బెల్లోకి ఐదో స్థానం వచ్చింది. ముప్పై ఏళ్ల తర్వాత, 2006లో అవే రెడ్ వైన్లను మళ్లీ రుచి చూస్తే అదే మొదటిది. జిన్‌ఫాండెల్ ద్రాక్ష వాటా ఎక్కువై కాస్త తియ్యగా ఉండే మామూలు రెడ్ బ్లెండ్లకి మాత్రం ఆ ఓపిక లేదు, మూడు నాలుగేళ్లలో తాగెయ్యండి.

తెరిచాక సగం మిగిలితే 375 మిల్లీలీటర్ల చిన్న సీసాలోకి అంచుదాకా పోసి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజులు నిలుస్తుంది. తాగేముందు అరగంట బయట ఉంచండి.