మన ఎలక్ట్రిక్ బండి, మన చెవులు – 4వ పాఠం: పిలిస్తే పలికే శబ్దం

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. వారం రోజులు పాటలు ఆపేసి మీ ఎలక్ట్రిక్ కారు నడపండి, ఏ శబ్దం ఎప్పుడు వినిపించిందో చిన్న పుస్తకంలో రాసుకోండి అని. రాసినవాళ్లు ఆ పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చోండి. రాయనివాళ్లు ఈ రోజే మొదలుపెట్టండి, ఎందుకంటే ఇక్కడ చెప్పేదంతా ఆ రాతల మీదే నడుస్తుంది.

అందులో "ముందువైపు ఏదో సౌండ్" అని రాసి ఉంటే కొట్టేయండి. ఆ మాట పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళితే ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. నేను మూడుసార్లు వెళ్లొచ్చాను.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పొద్దున్నే బండిని రివర్స్ తీసి, డ్రైవ్‌లో వేసి ర్యాంప్ ఎక్కిస్తుంటే కుడి ముందు చక్రం దగ్గర టక్‌మని ఒక్కటే చప్పుడు. పెన్సిల్ విరిచినట్టు. మొదటిసారి వెళ్లినప్పుడు అడ్వైజర్ "ఈవీ కదా సార్, ఇంజన్ మోత ఉండదు కాబట్టి చిన్న చిన్నవి కూడా వినపడతాయి" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు, అందుకే ఏమీ అనలేక వచ్చేశాను. రెండోసారి సాయంత్రం దాకా ఉంచుకుని "చెక్ చేశాం, నార్మల్" అని రాసిచ్చారు. మూడోసారి నీళ్లతో కడిగి ఇచ్చారు. బండి అద్దంలా మెరిసింది, టక్ మాత్రం టక్కే.

వాళ్లను మాత్రమే అని లాభం లేదు. టెక్నీషియన్ బండి తీసుకుని మెయిన్ రోడ్డు మీద ఒక కిలోమీటరు ముందుకు పోయి వచ్చేవాడు. నా టక్ అలా పోతే రాదు. రివర్స్ అయ్యాక మొదటిసారి ముందుకు కదిలినప్పుడు ఒక్కసారి వస్తుంది, మళ్లీ రివర్స్ వేసేదాకా నోరెత్తదు. ఆ సంగతి అప్పటికి నాకే తెలియదు. చెవిన పడని జబ్బుకు ఆయన మాత్రం ఏం మందు వేస్తాడు?

ఈ పాఠంలో నేర్చుకునేది అదే. శబ్దాన్ని మనం పిలిచినప్పుడు పలికేలా చేయడం.

ముందు పేరు పెట్టండి

ఈ విషయంలో తెలుగువాళ్లం అదృష్టవంతులం. టకటక, కటకట, లొడలొడ, గరగర, కిర్రు, కీచు, గుయ్, జుయ్, టపటప, గుడగుడ... ఒక్కో చప్పుడుకు ఒక్కో మాట ఉంది. మెకానిక్ దగ్గరికి వెళ్లగానే వీటన్నిటినీ వదిలేసి "సౌండ్" అంటాం. చిన్నపిల్లలకు చెప్పినట్టు నోటితో చేసి చూపించండి, సిగ్గుపడకండి. ఏళ్ల తరబడి పనిచేసిన మెకానిక్‌కి "లొడలొడ" అంటే లింక్ రాడ్డో (రెండు పక్కల సస్పెన్షన్‌ను కలిపే కడ్డీ చివర ఉండే చిన్న రాడ్డు) బుష్షో (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు తొడుగు) గుర్తుకొస్తుంది, "గుయ్" అంటే బేరింగో టైరో, "కిర్రు" అంటే రబ్బరు. అదే తీర్పు అనుకోవద్దు, వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలుస్తుంది.

పేరు పక్కన మూడు సంగతులు చేర్చండి. వేగంతో పాటు పెరుగుతోందా, యాక్సిలరేటర్ తొక్కడంతో పెరుగుతోందా, రోడ్డు గతుకులతో వస్తోందా. ఈ మూడింటికి జవాబు రాస్తే సగం పని అయిపోయినట్టే.

బెంగ అక్కర్లేనివి

బండి ఆన్ చేయగానే, ఆపగానే సీటు కింద టక్, టక్ అని వినిపించేవి కాంటాక్టర్లు. పెద్ద బ్యాటరీని మిగతా బండికి కలిపే, విడదీసే స్విచ్చులవి. మే నెల మధ్యాహ్నం ఫాస్ట్ చార్జర్ దగ్గర బండి రైస్ మిల్లులా మోగుతుంటే అది ఫ్యాను, ఏసీ కంప్రెసర్ కలిసి బ్యాటరీని చల్లబరచడం. మోగకపోతేనే టెన్షన్ పడాలి. మెల్లగా పోతున్నప్పుడు బయటికి వినిపించే సన్నటి ఊళ చాలా బండ్లలో కావాలని పెట్టినది, నడిచిపోయేవాళ్లకు బండి వస్తోందని తెలియడానికి. యూరప్‌లో 2021 జూలై నుంచి అమ్మే ప్రతి కొత్త ఎలక్ట్రిక్ కారుకూ గంటకు 20 కిలోమీటర్ల వేగం దాకా అలాంటి శబ్దం తప్పనిసరి.

రెండు రోజులు వానలో నిలబెట్టిన బండి కదలగానే బ్రేకుల దగ్గర గర్రుమంటే అది డిస్కు మీద పట్టిన తుప్పు. పెట్రోలు బండిలో రెండుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. మన బండిలో రీజెన్ (కాలు తీయగానే మోటారే బండిని నెమ్మదింపజేసి, బ్యాటరీకి కరెంటు తిరిగి పంపడం) చాలావరకు ఆపేస్తుంది కాబట్టి ప్యాడ్లకు పని తక్కువ, తుప్పు ఉండిపోతుంది. వారానికోసారి ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, రీజెన్‌ను బాగా తగ్గించి నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేయండి. ఇందులోనే ఒక ఆనవాలు కూడా ఉంది. 100 శాతం చార్జ్ చేసిన పొద్దున మాత్రమే కీచుమంటోంది, మధ్యాహ్నానికి మాయమవుతోంది అంటే అనుమానం బ్రేకు ప్యాడ్ల మీదే. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు రీజెన్‌కు చోటుండదు, ఆపే పనంతా ప్యాడ్ల మీద పడుతుంది.

బండి ఖాళీ చేయండి

పరీక్షలకు ముందు డోర్లలోని నీళ్ల సీసాలు, చిల్లర, కళ్లజోడు డబ్బా, డిక్కీలోని జాకీ సంచి అన్నీ ఇంట్లో పెట్టేయండి. వెనక సీటు బెల్టుల బకిల్స్ బిగించేయండి. నవ్వుతారేమో గానీ, నేను రెండు వారాలు వెతికిన టపటప చివరికి బంపరుకు కట్టిన నిమ్మకాయ–మిరపకాయల దండది. నిమ్మకాయలు ఎప్పుడో ఎండి రాలిపోయాయి, మిగిలిన తీగ 60 దాటగానే ప్లాస్టిక్ మీద కొట్టుకుంటోంది. దిష్టి తగలకుండా కట్టిందే నాకు తగులుకుంది.

ఒక్క హెచ్చరిక. బానెట్ కింద, బండి అడుగున నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తాయి. వాటిలో వందల వోల్టులుంటాయి. వాటిని గానీ, అవి వెళ్లి కలిసే పెట్టెలను గానీ ముట్టుకోవద్దు, కదిపి చూడొద్దు. బ్యాటరీ కింద జాకీ పెట్టొద్దు. టైరును చేత్తో తడిమి చూడటం తప్ప ఈ పాఠంలోని పరీక్షలన్నీ స్టీరింగ్ దగ్గర కూర్చుని చేసేవే. చెవి పెట్టి వినడానికి, ఫోన్‌లో రికార్డు చేయడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. డ్రైవింగ్ చేసే మనిషి ఫోన్ పట్టుకోకూడదు.

గుయ్: టైరా, బేరింగా, మోటారా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. 50, 60 వేగంలో గుయ్‌మంటోంది. ముందుగా రోడ్డు మార్చండి. కాలనీ సిమెంటు రోడ్డు మీద ఒకలా, కొత్త తారు రోడ్డు మీద ఇంకోలా ఉంటే టైరు. బండి ఆపి అరచేతిని టైరు ముఖం మీద, బండి ముందుకు తిరిగే వైపు ఒకసారి, ఎదురుగా ఇంకోసారి మెల్లగా జరపండి. పిల్లి వీపు నిమిరినట్టు ఒకవైపు నునుపుగా, రెండోవైపు రంపం పళ్లలా గుచ్చుకుంటే ఆ గుయ్‌కి కారణం దొరికినట్టే. అలైన్‌మెంట్ చూపించి, టైర్లు ముందువి వెనక్కి మార్పించండి. మన బండ్లు బరువెక్కువ, తొక్కగానే లాగుతాయి, కాబట్టి టైర్లు ఇలా అరగడం మామూలే.

రోడ్డు మారినా శబ్దం మారకపోతే బేరింగ్‌ను అనుమానించండి. విశాలమైన ఖాళీ రోడ్డు మీద, 40 దాటకుండా, స్టీరింగ్ మెల్లగా ఎడమకు, మళ్లీ కుడికి. బండి ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు గుయ్ పెరిగితే కుడి బేరింగ్, తగ్గితే ఎడమది కావచ్చు. ఫ్లైఓవర్ పిట్టగోడ పక్కన అద్దం దించి నడిపితే చప్పుడు గోడకు తగిలి తిరిగొస్తుంది. బెజవాడలో ఉండేవాళ్లకు బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఉండనే ఉంది. దాని అతుకుల మీద సస్పెన్షన్ పరీక్ష కూడా ఊరికే అయిపోతుంది.

ఇక మోటారు, గేర్ల వైపు. ఇవి చేసేది గుయ్ కంటే సన్నగా ఉండే జుయ్. యాక్సిలరేటర్ తొక్కితే ఒక స్వరం, వదిలి రీజెన్ పట్టుకుంటే ఇంకో స్వరం. అదే వేగంలో రీజెన్‌ను సున్నా చేసి బండిని జారనివ్వండి. శబ్దం ఆగిపోతే అది బరువు మోస్తున్నప్పుడే వచ్చేది, మోటారు–గేరుబాక్సు వైపు చూడాలి. ఆగకుండా సాగితే మళ్లీ చక్రాల వైపే. కొంచెం జుయ్ ప్రతి ఈవీలోనూ ఉంటుంది. అదే మోడల్ బండి ఇంకొకరిది ఒకసారి నడిపి చూడటం కంటే మంచి కొలబద్ద లేదు.

లొడలొడ

స్పీడ్ బ్రేకర్‌ను 10 వేగంలో రెండుసార్లు దాటండి. ఒకసారి రెండు ముందు చక్రాలు కలిసి ఎక్కేలా, ఇంకోసారి ఒక పక్క చక్రం మాత్రమే ఎక్కేలా. ఒక పక్క ఎక్కినప్పుడే లొడలొడమంటే లింక్ రాడ్‌ను అడగండి. రెండు చక్రాలు కలిసి లేస్తే దానికి పెద్దగా పని ఉండదు, ఒకటి లేచి ఒకటి దిగితేనే అటూ ఇటూ లాగబడుతుంది. రెండు విధాలా వస్తే సస్పెన్షన్‌లోని లోయర్ ఆర్మ్ బుష్, స్ట్రట్ మౌంట్ చూడమనండి.

టక్

నా శబ్దానికి వద్దాం. రివర్స్ నుంచి డ్రైవ్‌కి మారినప్పుడు వచ్చే టక్‌లు ముఖ్యంగా రెండు రకాలు. బ్రేకు ప్యాడ్లు తమ అరలో ముందుకో వెనక్కో జరిగి టక్‌మనడం ఒకటి. ఇది దిశ మారాక మొదటిసారి బ్రేకు తొక్కినప్పుడు వస్తుంది, ప్రమాదమేమీ లేదు. రెండోది బ్రేకు పూర్తిగా వదిలి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చేది. నాది ఇది. డ్రైవ్ షాఫ్ట్ (మోటారు తిప్పుడును చక్రానికి చేర్చే కడ్డీ) భుజం హబ్ (చక్రం మధ్య భాగం) బేరింగ్‌కు ఆనుకునే చోట, ఎలక్ట్రిక్ మోటారు ఒక్కసారిగా ఇచ్చే లాగుడుకు వెంట్రుక వాసి జారితే టక్‌మంటుంది. లాగే దిశ మళ్లీ మారేదాకా ఇంక జారదు. మలుపు తిరిగేటప్పుడు వరసగా టకటకమంటే అది వేరే సంగతి, షాఫ్ట్ చివరి జాయింట్ అరిగి ఉండవచ్చు. దాన్ని వాయిదా వేయొద్దు.

ఈ తేడా తెలిశాక సెల్లార్‌లో పదిసార్లు చేసి చూశాను. తొమ్మిదిసార్లు పలికింది. నాలుగోసారి సర్వీస్‌కి వెళ్లినప్పుడు జాబ్ కార్డులో (ఫిర్యాదు, చేసిన పని రాసే సర్వీస్ కాగితం) అడ్వైజర్ "ఫ్రంట్ నాయిస్" అని రాయబోతుంటే ఆపి, ఇలా రాయించాను: "బండిని ఒక బండి పొడవు రివర్స్ తీయాలి. డ్రైవ్‌లో వేసి, బ్రేకు పూర్తిగా వదిలి, యాక్సిలరేటర్ సగం తొక్కాలి. కుడి ముందు చక్రం దగ్గర ఒక్కసారి టక్ వస్తుంది. పదింటిలో తొమ్మిదిసార్లు." తర్వాత టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల ఆవరణలోనే చేసి చూపించాను. "ఇంకోసారి చేయండి సార్" అన్నాడు. మూడోసారికి కిందికి దిగి దూరంగా కూర్చుని విన్నాడు. నాలుగోసారికి నన్ను దింపి ఆయనే సీట్లో కూర్చున్నాడు. యాక్సిల్ నట్టు (షాఫ్ట్‌ను హబ్‌కు బిగించేది) విప్పి, ఆనుకునే ముఖాలు, స్ప్లైన్లు (షాఫ్ట్ మీది పళ్లు) శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, కొత్త నట్టు బిగించారు. గంటన్నర పని. ఆ నట్టు ఇంట్లో విప్పే రకం కాదు, చాలా బండ్లలో ఒకసారి విప్పితే కొత్తదే వేయాలి, కొలిచిన బిగువుతో బిగించాలి.

కాగితాలు

డబ్బు కట్టకపోయినా, ఏమీ దొరక్కపోయినా ప్రతిసారీ మూసేసిన జాబ్ కార్డు కాపీ అడిగి తీసుకోండి. మీ ఫిర్యాదు మీరు చెప్పిన మాటల్లోనే ఉండాలి. లోపలికి ఇచ్చినప్పుడు, బయటికి తెచ్చుకున్నప్పుడు ఓడోమీటర్ ఫోటో తీయండి. రెండింటి మధ్య కిలోమీటరు కూడా తేడా లేదంటే "రోడ్ టెస్ట్ చేశాం" అన్న మాట ఏపాటిదో తెలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామంటే ముందు వెర్షన్, తర్వాతి వెర్షన్ రాయించుకోండి. నా మొదటి రెండు కార్డులు నేను పారేసుకున్నాను. ఆ బుద్ధితక్కువ పని మీరు చేయకండి.

అదే లోపానికి మూడు కార్డులు పేరుకున్నాక కంపెనీకి కార్డుల ఫోటోలతో ఈమెయిల్ రాయండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. బండికి మీరు చెల్లించిన ధర 50 లక్షల దాకా అయితే అక్కడే కేసు వేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, బండి కొన్న ఊరికి తిరగనక్కర్లేదు. ఫీజు 10 నుంచి 20 లక్షల బండికి 400 రూపాయలు, 20 దాటి 50 దాకా 1,000. ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. వారంటీ ఇంకా ఉంది కదా అని కూర్చుంటే ఈ గడువు చేజారుతుంది. ఫిర్యాదు ఎలా రాయాలో ఏడో పాఠంలో ఒక నమూనా ఇస్తాను.

వచ్చే పాఠానికి పని

ఐదో పాఠం ఇంట్లో చార్జింగ్ మధ్యలో ఆగిపోవడం గురించి. ఈలోగా రెండు పనులు చేయండి. మీ పుస్తకంలోని ఒక్క శబ్దాన్ని ఎంచుకుని, అది పదింటిలో కనీసం ఏడుసార్లు పలికే పద్ధతి కనుక్కుని, జాబ్ కార్డులో రాయించేట్టు మూడు వాక్యాల్లో రాయండి. రెండోది, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడిగి ఎర్త్ పిట్ (కరెంటు ఎర్త్ తీగను భూమిలోకి దింపిన గుంట) ఎక్కడుందో, దానికి చివరిసారి నీళ్లు ఎప్పుడు పోశారో తెలుసుకోండి. ఆయన "ఎర్త్ పిట్టా, అదేంటి సార్?" అంటే ఆ మాటే పుస్తకంలో రాసుకుని రండి.