చిన్న జట్లు, 3వ పాఠం: మాట ఎవరి నుంచి ఎవరికి?

పోయిన పాఠంలో షికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీలో 1931-32లో పరిశోధకులు గమనించిన 14 మంది కార్మికుల సంగతి చూశాం. జట్టంతా కలిసి ఎంత ఎక్కువ పని చేస్తే అంత ఎక్కువ కూలి అన్నది కంపెనీ పద్ధతి. అయినా రోజుకి ఇంత చేస్తే చాలని వాళ్లలో వాళ్లే ఒక హద్దు పెట్టుకున్నారు. హద్దు మీరినవాడి భుజం మీద ఒక గుద్దు పడేది. ఇదంతా ఎక్కడా రాసిపెట్టలేదు, నోటిమాట మీదే నడిచింది. ఆ నోటిమాట నడిచే దారులను కాగితం మీద గీయడం ఈ పాఠంలో నేర్చుకుందాం.

హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న మెషిన్ షాపు ఉందనుకోండి. ఓనరు, సూపర్‌వైజరు, పగలు ఇద్దరు ఆపరేటర్లు, రాత్రి ఇద్దరు, క్వాలిటీ చూసే ఆయన, స్టోర్స్ కుర్రాడు, మొత్తం ఎనిమిది మంది. సాయంత్రం నాలుగింటికి కస్టమర్ నుంచి ఫోన్ వచ్చింది: షాఫ్టు డ్రాయింగ్ మారింది, వ్యాసం కొంచెం తగ్గించాలి. ఓనరు సూపర్‌వైజరుకి చెప్పాడు. ఆయన పగటి ఆపరేటర్లకి చెప్పి ఆరింటికి ఇంటికెళ్లిపోయాడు. రాత్రి షిఫ్టు మొదలయ్యేది ఎనిమిదింటికి. గేటు బయట చాయ్ బండి దగ్గర పగటి ఆపరేటరు కప్పు కింద పెట్టి, రాత్రి ఆపరేటరుతో ‘‘అన్నా, ఆ షాఫ్టు డ్రాయింగ్ మారింది, మెషిన్ మీదికి ఎక్కించే ముందు చూస్కో’’ అన్నాడు. ఆ రాత్రి సరుకు రిజెక్ట్ కాకుండా కాపాడింది ఆ ఒక్క మాటే. ఎవరి కింద ఎవరో చూపిస్తూ ఆఫీసు గోడకి అంటించిన చార్టులో ఈ ఇద్దరి మధ్య గీత లేదు. ఆ రోజు ఆ పగటి ఆపరేటరు సెలవు పెట్టి ఉంటే?

ఇక మీ జట్టు పటం గీయండి. ఒక్కో మనిషికి ఒక్కో సున్నా చుట్టండి. వారం పాటు, పని విషయం ఎవరు ఎవరికి నేరుగా చెప్పారో చూసి, చెప్పినవాళ్ల నుంచి విన్నవాళ్ల వైపు బాణం వేయండి. మళ్లీ చెప్తే అదే బాణం పక్కన చుక్క పెట్టండి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజీని మాట కింద లెక్కేయకండి. దానికి జవాబు వస్తేనో, దాన్ని బట్టి పని మారితేనో బాణం వేయండి. నీలం టిక్కులు చూసి అందరికీ తెలిసిపోయిందనుకోవడం వల్ల ఆఫీసుల్లో జరిగే నష్టం చాలా ఎక్కువని నా అభిప్రాయం.

సున్నాల్లో పేర్లు రాయొద్దు, క, ఖ, గ అని పెట్టుకోండి. ఎవరు ఎవరితో మాట్లాడతారన్న కాగితం పైవాళ్ల చేతిలో పడితే కష్టం కిందివాళ్లకే. దీన్ని మాత్రం తప్పక పాటించండి.

ఎనిమిది మంది ఉన్నచోట ఇద్దరిద్దరి మధ్య 28 దారులు ఉండొచ్చు. పన్నెండు మంది అయితే 66. మనుషుల సంఖ్యని, దానికన్నా ఒకటి తక్కువ సంఖ్యతో గుణించి సగం చేస్తే లెక్క తేలుతుంది. ఇన్ని దారుల్నీ ఎవరూ నిలబెట్టుకోలేరు. అందుకే జట్టు పెరిగేకొద్దీ లోపల ముగ్గురు, నలుగురు ఒక గుంపుగా చేరతారు. దాన్ని కుట్రలా చూడకండి.

పటం ఏ ఆకారంలో వచ్చిందో ఇప్పుడు చూడండి. 1951లో హెరాల్డ్ లెవిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగాన్ని ప్రచురించాడు. బల్ల చుట్టూ ఐదుగురిని కూర్చోబెట్టి మధ్యలో అడ్డుపలకలు పెట్టాడు. ఒక్కొక్కరికీ ఐదు గుర్తులున్న కార్డు ఇచ్చాడు. అందరి కార్డుల్లోనూ ఉన్న గుర్తేదో చీటీలు అందించుకుని కనిపెట్టాలి. ఒక అమరికలో చీటీలన్నీ మధ్యలో ఉన్నతని చేతికే పోవాలి. ఇంకోదాంట్లో, అంటే వలయంలో, ప్రతివాళ్లూ తమకి అటూ ఇటూ ఉన్నవాళ్లకి ఇవ్వొచ్చు. మధ్యమనిషి ఉన్న జట్టుకి తక్కువ చీటీలు సరిపోయాయి, తప్పులూ తక్కువే. కానీ ఆ పని బాగుందన్నది ఎక్కువగా ఆ మధ్యమనిషే, అంచున ఉన్నవాళ్లకి విసుగొచ్చింది. వలయంలో కూర్చున్నవాళ్లు ఎక్కువ తప్పులు చేసినా, పనిని ఇష్టపడ్డారు. తర్వాత మార్విన్ షా వంటి పరిశోధకులు చిక్కు సమస్యలు ఇచ్చి చూస్తే, అందరూ అందరితో మాట్లాడుకునే జట్లే మెరుగ్గా చేశాయి. ఒక్కడి తల మీద అన్ని చీటీలూ పడితే వాడు తట్టుకోలేడు.

కాబట్టి ఏ పనికి ఏ ఆకారమో మీరే తేల్చుకోవాలి. హాజరు, సరుకు లెక్క లాంటివి ఒకే మనిషి దగ్గరికి చేరితే మంచిది. డ్రాయింగ్ మార్పు, మెషిన్ ఎందుకు మొరాయిస్తోందన్న ప్రశ్న లాంటివి ఒక్కరి మీదుగా పోకూడదు. అన్నీ తన ద్వారానే పోవాలని పట్టుబట్టే సూపర్‌వైజరు జట్టు తన అదుపులో ఉందనుకుంటాడు. నిజానికి ఆయన సెలవు పెట్టిన రోజు పని ఆగిపోతుంది.

అభ్యాసం: ఎక్కువ బాణాలున్న సున్నాని చేత్తో మూసేయండి. మిగిలిన పటంలో ఏ ఇద్దరు విడిపోయారు? ఆ ఇద్దరికి షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలు కలిసి నిలబడే వీలుందా? బాణాలు లోపలికి వస్తూ, బయటికి ఒక్కటీ పోని సున్నా ఉంటే దాని పక్కన నక్షత్రం గుర్తు పెట్టండి. ఆ మనిషితో ఈ వారం ఒకసారి మీరే మాట కలిపి, ‘‘నువ్వేమంటవ్?’’ అని అడిగి, పూర్తిగా వినండి. 4వ పాఠంలో కొత్త జట్టులో గొడవలెందుకొస్తాయో చూద్దాం. జట్టు ఎదిగే తీరు గురించి బ్రూస్ టక్‌మన్ అనే పరిశోధకుడు 1965లో చెప్పిన దశలతో మొదలుపెడతాం, ఈ కాగితం దగ్గర ఉంచుకోండి.