పాకెట్ క్యాలెండర్ల సేకరణ, నమోదు: బొమ్మ కంటే ముందు పేరు

జనవరిలో కిరాణా కొట్టులోనో, మందుల షాపులోనో, బట్టల దుకాణంలోనో చేతికిచ్చే చిన్న అట్టముక్కను చాలామంది పర్సులో పెట్టుకుని ఏడాది తిరిగేసరికి పారేస్తారు. ఒకవైపు వేంకటేశ్వరస్వామి పటమో గులాబీ పువ్వో, రెండోవైపు పన్నెండు నెలలు, అడుగున దుకాణం పేరు, ఊరు ఉండే ఈ పాకెట్ క్యాలెండర్లను పోగుచేయడానికి పెద్దగా డబ్బు అక్కరలేదు. కానీ పోగుచేయడం ఒక పని, ఇరవై ఏళ్ల తరువాత మరొకరు తెరిచి చూసినా ప్రతి కార్డు ఎక్కడిదో, ఎప్పటిదో తెలిసేలా నమోదు చేయడం మరొక పని. ఆ రెండో పనే సేకరణకు ప్రాణమని నా అభిప్రాయం.

మొదలుపెట్టేవారు సాధారణంగా కార్డులను బొమ్మను బట్టి విడదీస్తారు: దేవుళ్లు ఒక కట్ట, సినిమా తారలు ఒక కట్ట, ప్రకృతి దృశ్యాలు ఒక కట్ట. చూడడానికి బాగున్నా ఈ పద్ధతి త్వరలోనే చిక్కుల్లో పడేస్తుంది. మన ఊళ్లలో దొరికే క్యాలెండర్లలో చాలా భాగం తమిళనాడులోని శివకాశిలో అచ్చయినవి. అక్కడి ముద్రాపకులు తమిళుల ఆడి మాసం పద్దెనిమిదో రోజున, అంటే ఆగస్టు మొదట్లో, రాబోయే సంవత్సరపు నమూనాల ఆల్బమ్‌లను విడుదల చేస్తారు. ఏజెంట్లు వాటిని ఊరూరా దుకాణాలకు తీసుకువెళ్లి ఆర్డర్లు రాసుకుంటారు. దుకాణదారు బొమ్మను ఎంచుకుంటే, దాని కింద విడిచిన ఖాళీలో అతని పేరు, చిరునామా అచ్చవుతాయి. కనుక ఒకే లక్ష్మీదేవి బొమ్మ తెనాలిలో నగల దుకాణం పేరుతోనూ, కరీంనగర్‌లో ఎరువుల దుకాణం పేరుతోనూ కనబడవచ్చు. బొమ్మ అందరిదీ, పేరు మాత్రం ఆ ఒక్క దుకాణానిది. అందుకే అమరికకు ఆధారం సంవత్సరం, ఇచ్చినవారి పేరు, ఊరు కావాలి. బొమ్మ వివరం పట్టికలో ఒక గడిలో ఉంటే చాలు.

ఈ పద్ధతిలో ఒకే బొమ్మ, వేర్వేరు దుకాణాల పేర్లు ఉన్న కార్డులు వేర్వేరు అంశాలు అవుతాయి. ఒకే దుకాణం ఒకే ఏడు రెండు బొమ్మలతో ఇస్తే అవీ రెండు అంశాలే. అన్నీ ఒకటై, ఎరుపు రంగు కాస్త పక్కకు జరిగి అచ్చయిన కార్డు దొరికితే దానికి కొత్త సంఖ్య అక్కరలేదు, పాత నమోదులోనే ఒక మాట రాయండి.

కార్డులు దొరికే చోట్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కొత్తవాటిని సంక్రాంతి లోపలే అడగాలి, ఆ తరువాత దుకాణాల్లో మిగలవు. రెండు అడిగి తీసుకుంటే రెండోది మార్పిడికి పనికివస్తుంది. పాతవి ఎక్కువగా ఇంటి పెద్దల ట్రంకుపెట్టెల్లో, పాత డైరీల పుటల మధ్య, చిత్తుకాగితాల కొట్లలో, హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారాలు కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల్లో దొరుకుతాయి. ఉద్యోగ సంఘాలు, చిట్‌ఫండ్ కంపెనీలు, బీమా ఏజెంట్లు, చర్చిలు ఇచ్చినవాటిని వదలకండి. హైదరాబాదులో రంజాన్ మాసానికి పంచే సహరీ, ఇఫ్తార్ వేళల కార్డులు క్యాలెండర్లు కాకపోయినా వాటి దగ్గరి బంధువులే, నేను వాటిని విడిగా ఒక వరుసలో ఉంచుతాను.

అసలు కష్టం సంవత్సరం చిరిగిపోయిన కార్డుతో వస్తుంది. అప్పుడు ముందుగా జనవరి 1 ఏ వారమో, ఫిబ్రవరికి 28 రోజులో 29 రోజులో చూడాలి. ఉదాహరణకు జనవరి 1 మంగళవారం, ఫిబ్రవరికి 28 రోజులు అయి, కార్డు 2000 తరువాతిదైతే, అది 2002, 2013, 2019 సంవత్సరాల్లో ఏదైనా కావచ్చు, ఎందుకంటే తేదీలూ వారాలూ ఆ మూడింటికీ ఒకటే. వాటిని విడదీసేది పండుగల జాబితా: ఉగాది 2002లో ఏప్రిల్ 13న, 2013లో ఏప్రిల్ 11న, 2019లో ఏప్రిల్ 6న వచ్చింది. చాంద్రమానపు పండుగలు ఇంగ్లీషు తేదీలతో పాటు నడవవు కాబట్టి, ఒక్క ఉగాది తేదీ కనబడినా చాలాసార్లు సంవత్సరం తేలిపోతుంది. తెలుగు సంవత్సరం పేరు అచ్చయి ఉంటే ఇంకా సులువు. పైన చెప్పిన మూడు ఉగాదులతో మొదలైనవి వరుసగా చిత్రభాను, విజయ, వికారి నామ సంవత్సరాలు. ఇంగ్లీషు క్యాలెండరులోని మొదటి మూడు నెలలు అంతకుముందరి తెలుగు సంవత్సరానివని మాత్రం మరిచిపోకూడదు.

తేదీల భాగమే పోయి చిరునామా మిగిలితే ఆధారాలు అక్కడ వెతకాలి. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది, కనుక అది ఉన్న కార్డు అంతకుముందుది కాదు. ఊరి పేరు చెరిగిపోయినా కోడ్‌లోని మొదటి రెండంకెలు 50 అయితే తెలంగాణ అనీ, 51, 52, 53 అయితే ఆంధ్రప్రదేశ్ అనీ గుర్తించవచ్చు. మొబైల్ సేవలు మన దేశంలో 1995లో మొదలయ్యాయి, కాబట్టి సెల్ నంబరు ఉన్న కార్డు ఆ తరువాతిదే. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులోనూ, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులోనూ విలీనమయ్యాయి, కనుక వాటి క్యాలెండర్ల వరుస ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసు. సెలవుల్లో జూన్ 2 తెలంగాణ అవతరణ దినంగా కనబడితే కార్డు 2014కు ముందుది కాదు. ఊరి పేరు అక్షరక్రమాన్ని మాత్రం గట్టి సాక్ష్యంగా తీసుకోకండి. కడప పేరును ఇంగ్లీషులో రాసే తీరు 2005లో అధికారికంగా మారినా, పాత పద్ధతిలోనే అచ్చువేయించుకునే దుకాణాలు ఆ తరువాత కూడా ఉన్నాయి. ఇలా ఊహించి రాసిన ప్రతి సంవత్సరాన్నీ [ ] వంటి చతురస్ర కుండలీకరణాల్లో ఉంచి, ఏ ఆధారంతో ఊహించారో పక్కన రాయాలి.

పట్టికకు కంప్యూటర్‌లో మామూలు స్ప్రెడ్‌షీట్ సరిపోతుంది. ప్రతి కార్డుకు సంవత్సరం, దాని తరువాత వరుస సంఖ్య కలిపి 1994-017 వంటి గుర్తు ఇవ్వండి. ఆ గుర్తు ఒకసారి ఇచ్చాక, కార్డు పోయినా మరొకదానికి వాడకూడదు. తరువాతి గడుల్లో ఇచ్చినవారి పేరు, వ్యాపారం, ఊరు, భాషలు, బొమ్మ, మిల్లీమీటర్లలో కొలత, అట్టా ప్లాస్టిక్కా అన్న వివరం, అంచున చిన్న అక్షరాల్లో ఉండే ప్రెస్సు పేరు, కార్డు స్థితి, ఎవరి ద్వారా ఎప్పుడు వచ్చింది అన్నవి ఉండాలి. పేర్లను అచ్చుతప్పులతో సహా ఉన్నది ఉన్నట్టుగా దించి, వెతుక్కోవడానికి సరిచేసిన రూపాన్ని వేరే గడిలో రాయండి. రాజమండ్రి అన్న కార్డు, 2015లో అధికారికమైన రాజమహేంద్రవరం అన్న కార్డు ఒకేచోట దొరకాలంటే ఈ రెండో గడి తప్పనిసరి. రెండు వైపులా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేసి, ఫైలుకు కూడా ఆ గుర్తునే పేరుగా పెట్టండి.

భద్రపరిచే విషయంలో నేను ఒకసారి బాగా నష్టపోయాను. విజిటింగ్ కార్డులు పెట్టుకునే మెత్తని పీవీసీ ఆల్బమ్‌లో ఉంచిన కార్డులు రెండు వేసవులు గడిచేసరికి ప్లాస్టిక్‌కు అతుక్కుని, తీస్తుంటే దుకాణాల పేర్లే ఊడివచ్చాయి. మెత్తదనం కోసం పీవీసీలో కలిపే రసాయనం కాలక్రమేణా బయటికి వచ్చి సిరాను పట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్ లేదా పాలిస్టర్ జేబులు ఉన్న ఆల్బమ్‌నే కొనండి. రబ్బరు బ్యాండు, స్టాప్లర్ పిన్ను, సెల్లోటేపు వాడవద్దు, లామినేషన్ అసలే చేయించవద్దు. గుర్తును కార్డు మీద కాకుండా జేబు మీద అంటించిన చీటీపై రాయండి. కోస్తా వానాకాలపు తేమకు సిలికా జెల్ పొట్లాలు వేసి, రెండు మూడు నెలలకొకసారి మార్చండి.

దుకాణం ఇంకా నడుస్తుంటే ఒకసారి వెళ్లి, ఆ ఏడు బొమ్మను ఎవరు ఎంచుకున్నారో, ఎన్ని అచ్చువేయించారో, ఎవరెవరికి ఇచ్చేవారో అడగండి. ఆ వివరాలు కార్డు మీద ఉండవు, మరో చోట దొరకవు. చెప్పినవారి మాటల్లోనే, అడిగిన తేదీతో సహా, పట్టికలోని చివరి గడిలో రాయండి.