పాలసీ సంస్థలకు నిధులు సేకరించే ఉద్యోగంలోకి ఎలా రావాలి?

అన్నదానానికి చందా అడిగితే మా భీమవరం వైపు ఎవరూ కాదనరు, 1,116 చేతిలో పెట్టి పంపుతారు. అదే మనిషిని "ప్రభుత్వ విధానాల మీద పరిశోధన చేస్తున్నామండి, సాయం చేయండి" అని అడిగి చూడండి! నేను మొదటిసారి అడిగింది ఒక చెరువు గట్టు మీద, ఏరేటర్ల హోరులో. ఆ రొయ్యల రైతు అంతా విని, "రిపోర్టు రాస్తే డ్రెయిన్లో గుర్రపుడెక్క పోద్దా బాబూ?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

అందుకే ముందు ఒక్క సమస్య పట్టుకుని, అది ఎవరి సంతకంతో తీరుతుందో కనుక్కోండి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు గుర్తుందా? వాళ్లడిగిన మద్దతు ధర ఢిల్లీలో తేలాలి, డ్రెయిన్ల బడ్జెట్ రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలి, ఏ రైతూ సొంత డబ్బుతో తీర్చుకోగలిగేవి కావవి. ఇలాంటి సంస్థల పనికి ఫలితం చూపించమంటే నేను చెప్పేది ఎన్నికల అభ్యర్థుల అఫిడవిట్ల సంగతి: ఆస్తులు, కేసులు బయటపెట్టాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ అనే సంస్థ వేసిన కేసులోనే. ఇది చెబితే కాఫీ హోటల్లో కూడా వింటారు.

తర్వాత రూల్స్. ఇక్కడ తొందర పడకండి, ఎందుకంటే మన దగ్గర పెద్ద చందా అనగానే అందరి చూపూ అమెరికాలో ఉన్న బావగారి మీదకే పోతుంది. ఆయనది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే అయితే, సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాడా, విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, 2020 సవరణ తర్వాత దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వడానికి లేదు. సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ లాంటి పేరున్న సంస్థకే 2024లో ఆ రిజిస్ట్రేషన్ రద్దయింది, కాబట్టి ఇక్కడి చిన్న దాతలను వదులుకోవద్దు.

కంపెనీలు లాభాల్లోంచి సామాజిక పనులకు ఇచ్చే సీఎస్ఆర్ 2 శాతం మీద మరీ ఆశ పెట్టుకోకండి, బడికీ ఆసుపత్రికీ ఇచ్చినంత తేలిగ్గా పాలసీ పనికి ఇవ్వరు. విరాళం ఇచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో దొరికే 80జీ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, అదీ 2,000 దాటిన నగదుకు ఉండదు.

అనుభవం కోసం ఊళ్లో ఏదైనా సంస్థలో ఆరు నెలలు వాలంటీర్‌గా చేసి, ఎవరు ఎంత ఇచ్చారో, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేయాలో ఎక్సెల్‌లో రాయండి. రెండు పేజీల ప్రపోజల్ తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో ఇవే చూపించాలి. ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, ఢిల్లీల్లో, "డోనర్ రిలేషన్స్", "పార్ట్‌నర్‌షిప్స్" లాంటి పేర్లతో ఉంటాయి. తెచ్చిన దాంట్లో కమీషన్ ఇస్తామంటే నేనైతే చేరను, జీతమే అడగండి. రిపోర్టులో ఫలానా పేరా తీసేస్తే డబ్బిస్తానన్న దాతకు నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఆ రైతు దగ్గరికి తర్వాత మళ్లీ వెళ్లాను, ఈసారి వాళ్ల డ్రెయిన్ పూడికతీత ఫైలు ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసుకుని. చదివాడు, ఫోన్‌పేలో ఐదు వేలు కొట్టాడు, రసీదు మాత్రం వాళ్లావిడ పేరున రాయమన్నాడు. డబ్బు ఎవరి ఖాతా నుంచి వస్తే వాళ్ల పేరునే రాయాలండీ అని ఒప్పించేసరికి ఇంకో అరగంట పట్టింది.