పిల్లలు సొంత అనుభవం రాయలేకపోతుంటే: చిక్కు ఎక్కడ, ఏం చేయాలి

బెజవాడలో తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత సొంత అనుభవాలు రాయించేవాళ్లకు ఈ చిక్కులు తప్పవు.

సమస్య: "రాయడానికి ఏమీ లేదు సార్"

కారణం: అనుభవమంటే యాక్సిడెంటో, ఫస్ట్ ప్రైజో అయి ఉండాలనుకుంటారు. హాస్టల్ పిల్లలకైతే స్టడీ అవర్లు తప్ప ఇంకేమీ గుర్తురావు.

పరిష్కారం: "మరపురాని రోజు" అనే అంశం ఇవ్వకండి, పెన్ను అక్కడే ఆగిపోతుంది. చిన్నది అడగండి. ఇంట్లో చూపించని మార్కుల పేపరు ఎక్కడ దాచావు? అమ్మ పంపిన పచ్చడి సీసా ఎన్నాళ్లొచ్చింది, ముందుగా ఎవరడిగారు? మొదట పక్కవాడికి చెప్పించి, తర్వాత రాయించండి.

సమస్య: పేపర్లో వార్తలా ఉంది

వరదల గురించి రాయమంటే ఎక్కువగా వచ్చేది ఇదే: "2024 సెప్టెంబరు 1న బుడమేరు వరదతో సింగ్‌నగర్ జలమయమైంది. ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడ్డారు. పడవలు, డ్రోన్లతో ఆహారం అందించారు." ఒక్క తప్పూ లేదు. రాసిన పిల్ల మాత్రం ఎక్కడా కనిపించదు.

కారణం: సోషల్ జవాబులకు అలవాటుపడిన చెయ్యి అది. "నేను" అని రాస్తే మార్కులు పోతాయని భయం.

పరిష్కారం: నీళ్లు ఎన్ని అడుగులొచ్చాయని అడగొద్దు, మీ ఇంట్లో దేనిదాకా వచ్చాయని అడగండి. మేడమీదికి ముందు ఏం మోశారు? ఎవరేమన్నారు? అప్పుడు ఇలాంటి వాక్యాలొస్తాయి: "నీళ్లు ఫ్రిజ్ కింది అర దాకా వచ్చాయి. నాన్న ఇంటి కాగితాల సంచీ తీశాడు. నేను సైన్స్ రికార్డు పట్టుకున్నా. నానమ్మ బియ్యం డబ్బా వదిలి రానంది." ఇక అక్కడినుంచి వాళ్లే రాసుకుపోతారు.

కొందరు చెప్పుకోలేక వార్త వెనక దాక్కుంటారు. వాళ్లను గుచ్చి గుచ్చి అడగకుండా వేరే అంశం ఇచ్చేయండి.

సమస్య: నిద్ర లేవడంతో మొదలవుతుంది

గుంటూరులో పెళ్లి గురించి రాయాలి. బస్సు వారధి దాటేసరికే పేజీ అయిపోతుంది. మొత్తం రాయనివ్వండి. అసలు సంగతి ఏ వాక్యంలో మొదలైందో గీత గీయించి, దానిపైదంతా వాళ్ల చేతే కొట్టేయించండి.

సమస్య: చివర్లో నీతి

"కాబట్టి మనమందరం..." అని వచ్చిందంటే అది వ్యాసాల ముగింపు అలవాటు. ఆ పేరా మీద చెయ్యి అడ్డంపెట్టి చదివించండి. లోటు కనిపించకపోతే తీసేయడమే. పరీక్ష వ్యాసానికి ముగింపు కావాలి కాబట్టి ఈ సొంత అనుభవాల రాతకు వేరే నోట్‌బుక్ పెట్టించండి, లేకపోతే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది.

సమస్య: "మా మాతృమూర్తి నన్ను మందలించినది"

అమ్మ నిజంగా ఏమందో అడగండి. "ఏందిరా ఇంతసేపు, ఫోనెత్తవేం?" అనుంటే అలాగే రాయాలి. "అట్టా", "ఇట్టా" దిద్దకండి. అక్షరదోషాలు ఆఖరి ప్రతిలో చూసుకోవచ్చు.

సమస్య: రాశాడు, కానీ నోట్‌బుక్ ఇవ్వడు

కారణం: అంతకుముందెవరో క్లాసులో చదివి నవ్వించి ఉంటారు, లేదా ఇంట్లో చూసి తిట్టి ఉంటారు.

పరిష్కారం: అడగకుండా పైకి చదవనని, ఇంట్లో చెప్పనని ముందే మాటివ్వండి. ఒక్క మినహాయింపు కూడా అప్పుడే చెప్పాలి: ఎవరైనా హింసిస్తున్నారనో, చచ్చిపోవాలనుందనో రాస్తే మాత్రం దాచనని. అలాంటి పేజీ వస్తే మార్కులు వేయకుండా ఆరోజే పిల్లాడితో విడిగా మాట్లాడండి. సాయానికి చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098.