డిజైన్ మోడల్ నుంచి టెస్టులు ఎలా రాబట్టాలి? అసలు చిక్కు ఎక్కడుంది?

ప్రాజెక్టు మొదట్లో గీసిన డిజైన్ మోడల్, అంటే స్టేట్ డయాగ్రమ్‌లు (సిస్టమ్ ఏయే స్థితుల్లో ఉండగలదో చూపేవి), సీక్వెన్స్ డయాగ్రమ్‌లు (ఏది తర్వాత ఏది జరుగుతుందో చూపేవి), యూజ్ కేసులు (యూజర్ చేసే పనుల వివరణలు) రివ్యూ అయిపోగానే ఏదో ఫోల్డర్‌లో మూలన పడతాయి. కొన్ని నెలల తర్వాత టెస్టింగ్ టీమ్ వచ్చి, అదే సిస్టమ్ గురించి మళ్లీ మొదటి నుంచి ఆలోచించి, ఎక్సెల్‌లో టెస్ట్ కేసులు రాసుకుంటుంది. ఒకసారి చేసిన ఆలోచన అలా వృథా అవుతుంది. ఇంకో రకం పొరపాటు దీనికంటే ప్రమాదకరం. మోడల్ ఎలాగూ ఉంది కదా అని అందులోంచే కోడ్ తీసి, అందులోంచే టెస్టులూ తీసి, అన్నీ పాసయ్యాయని రిలీజ్ చేసేస్తారు. మొదటి తప్పు వల్ల పోయేది సమయం. రెండో తప్పు వల్ల బగ్ నేరుగా యూజర్ చేతికి వెళ్తుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ రెండో దాని గురించే.

ఏ మోడల్ తీసుకోవాలి

ఉన్నవన్నీ ఒకచోట చేర్చండి, కానీ ముందు పట్టుకోవాల్సింది స్టేట్ మెషీన్‌నే, అంటే స్టేట్ డయాగ్రమ్‌లోని స్టేట్లను, ఏదైనా ఈవెంట్ జరిగితే ఒక స్టేట్ నుంచి తీసుకెళ్లే బాణాలను. సీక్వెన్స్ డయాగ్రమ్ ఒక్క కథే చెబుతుంది, అదీ చాలాసార్లు అంతా సవ్యంగా జరిగిన కథ. స్టేట్ మెషీన్‌లో జరగగలిగే కథలన్నీ ఉంటాయి. కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ హారెల్ 1987లో స్టేట్ మెషీన్లు గీసే స్టేట్‌చార్ట్‌లను ప్రచురించాక ఆ పద్ధతి డిజైన్ బొమ్మల ప్రమాణమైన యూఎమ్ఎల్‌లోకి కూడా వచ్చింది కాబట్టి మీ టీమ్‌లో ఎవరో ఒకరు ఒకటైనా గీసే ఉంటారు. క్లాస్ డయాగ్రమ్‌ను (డేటా నిర్మాణం చూపే బొమ్మను) పక్కన పెట్టుకోండి, టెస్ట్ డేటా తయారుచేసేటప్పుడు అక్కరకొస్తుంది. మోడల్ ఫొటోగానో స్లయిడ్‌గానో మాత్రమే ఉంటే, ముందు దాన్ని టూల్ చదవగలిగే రూపంలోకి మార్చి, కోడ్ ఉన్న రిపోజిటరీలోనే పెట్టండి. వేరే చోట పెట్టిన మోడల్‌ను ఎవరూ అప్‌డేట్ చేయరు.

ఒక్క మెషీన్‌లో పది స్టేట్లకు మించి ఉంటే విడగొట్టండి. అంతకన్నా పెద్దదాన్ని రివ్యూలో ఎవరూ పూర్తిగా చదవరు.

పాతబడిందేమో చూడండి

మోడల్‌లోంచి ఓ నాలుగైదు బాణాలు ఎంచుకుని, నడుస్తున్న సిస్టమ్ మీద చేత్తో ప్రయత్నించండి. ఒక్కటి తేడా వచ్చినా, తప్పు మోడల్‌దా కోడ్‌దా తేలేదాకా ముందుకు వెళ్లకండి. దీనికి గంట కూడా పట్టదు.

బొమ్మను పట్టికగా మార్చండి

ఉదాహరణకు ఖాతా లాగిన్ తీసుకుందాం. స్టేట్లు నాలుగు: సాధారణం, లాక్, రీసెట్ పెండింగ్, మూసిన ఖాతా. ఈవెంట్లు ఐదు: సరైన పాస్‌వర్డ్, తప్పు పాస్‌వర్డ్, రీసెట్ కోరడం, రీసెట్ లింక్ నొక్కడం, ఖాతా మూసేయడం. అంటే పట్టికలో 20 గళ్లు. ఇప్పుడు బొమ్మలో ఉన్న బాణాలు లెక్కపెట్టండి. సాధారణం నుంచి ఐదు, లాక్ నుంచి రీసెట్ పెండింగ్‌కు ఒకటి, అక్కడి నుంచి తిరిగి సాధారణానికి ఒకటి. మొత్తం 7. సాధారణంలో తప్పు పాస్‌వర్డ్ గడికి రెండు బాణాలున్నాయి, ఒకటి ఇంకా లాక్ కానప్పుడు, ఇంకొకటి లాక్ అయ్యేటప్పుడు. కాబట్టి నిండిన గళ్లు 6. మిగిలిన 14 గళ్ల గురించి బొమ్మ ఏమీ చెప్పడం లేదు.

లాక్ అయిన ఖాతాకు సరైన పాస్‌వర్డ్ ఇస్తే ఏమవుతుంది? రీసెట్ పెండింగ్‌లో ఉండగా పాత పాస్‌వర్డ్ పనిచేస్తుందా? మూసేసిన ఖాతాకు రీసెట్ కోరితే? చాలామంది ఈ ఖాళీ గళ్లను "జరగదు" అనుకుని వదిలేస్తారు. యూజర్లు మాత్రం అవే చేస్తారు. ప్రతి గడిలో కొత్త స్టేట్ పేరో, "పట్టించుకోకూడదు" అనో, "ఎర్రర్ చూపాలి" అనో రాసి తీరాలి. బొమ్మ చూసి నేరుగా టెస్టులు రాసే పద్ధతి కంటే పట్టిక మేలని నేను పట్టుబట్టేది ఇందుకే. బొమ్మలో లేని బాణం కంటికి కనిపించదు, పట్టికలో ఖాళీ గడి కనిపిస్తుంది.

దారులు తీయడం

బాణాల వెంట వరుసగా వెళ్తే ఒక దారి, ఒక్కో దారీ ఒక టెస్ట్. వాటిని తీసే పని టూల్‌కు వదిలేయండి. గ్రాఫ్‌వాకర్ లాంటి ఓపెన్ సోర్స్ టూల్ చాలు. ప్రతి స్టేట్‌నూ ఒకసారి తాకితే సరిపోతుందనే మాట వినకండి. ప్రతి బాణాన్నీ ఒకసారి దాటడం కనీసం. ఒకదాని వెంట ఒకటి వచ్చే బాణాల జంటలన్నీ కవరైతే అక్కడ ఆగండి. పరిశోధకుడు టీ. ఎస్. చౌ 1978 నాటి తన పేపర్‌లో చెప్పిన కొలత ఇదే. మూడేసి బాణాల దాకా వెళ్తే టెస్టులు కొండలా పెరిగిపోతాయి, రాబడి అంతగా ఉండదు.

డిజైన్ టీమ్ ఇప్పటికే స్పిన్ లాంటి మోడల్ చెకర్ (ఇచ్చిన నియమాన్ని మోడల్ ఎక్కడైనా తప్పుతుందా అని వెతికే టూల్) వాడి ఉంటే దాన్నీ వదలకండి. "లాక్ అయిన ఖాతా ఎప్పటికీ సాధారణ స్థితికి రాదు" అని కావాలనే అబద్ధపు నియమం ఇవ్వండి. అది తప్పని నిరూపించడానికి స్పిన్ ఒక దారి చూపిస్తుంది. లాక్ నుంచి బయటపడే టెస్ట్‌కు కావాల్సిన దారి అదే.

సరైన జవాబు ఎక్కడి నుంచి రావాలి

ఇక్కడ తొందరపడకండి. మిగతా అడుగులన్నిటికీ పట్టినంత సమయం ఈ ఒక్కదానికే ఇవ్వండి.

టెస్ట్‌లో రెండు భాగాలుంటాయి: ఏం చేయాలి, ఏం రావాలి. ఏం చేయాలో మోడల్ నుంచి తీసుకోవచ్చు. ఏం రావాలో కూడా అదే మోడల్ నుంచి తీసుకుంటే, ఆ మోడల్ నుంచే కోడ్ కూడా పుట్టి ఉంటే, మీరు మోడల్‌ను మోడల్‌తోనే పోల్చుకుంటున్నారు.

రిక్వైర్‌మెంట్‌లో (సిస్టమ్ ఏం చేయాలో చెప్పే డాక్యుమెంట్‌లో) ఇలా ఉందనుకోండి: "వరుసగా మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ ఇస్తే ఖాతా లాక్ కావాలి." మోడల్ గీసినవాళ్లు గార్డ్ కండిషన్‌లో (బాణం దాటాలంటే నిజం కావాల్సిన షరతులో), తప్పుల సంఖ్య "3 కంటే ఎక్కువ" అయితే లాక్ అని రాశారు. కోడ్ అలాగే వచ్చింది. టెస్ట్ కూడా అదే గార్డ్ చదివి, మూడో తప్పుకు ఖాతా తెరిచే ఉండాలని, నాలుగో తప్పుకు లాక్ కావాలని ఆశిస్తుంది. పాస్! దొంగకు ఒక ప్రయత్నం అదనంగా దొరికింది, రిపోర్ట్‌లో ఒక్క ఎర్ర గీత కూడా లేదు.

ఇప్పుడు "వరుసగా" అన్న మాట చూడండి. మధ్యలో సరైన పాస్‌వర్డ్ ఇస్తే లెక్క మళ్లీ సున్నా కావాలి. మోడల్‌లో ఆ చర్య రాయడం మర్చిపోతే, సోమవారం రెండు తప్పులు చేసి లోపలికి వెళ్లిన యూజర్ పాత తప్పులు గురువారం కూడా లెక్కలోనే ఉంటాయి. మోడల్ నుంచి తీసిన టెస్ట్ ఆ లెక్కనే సరైనదని ధ్రువీకరిస్తుంది. గార్డ్‌ను సరిచేసినా ఈ తప్పు అలాగే మిగులుతుంది.

అందుకే పద్ధతి ఇలా ఉండాలి. టూల్ ఇచ్చిన దారులను తీసుకుని, "ఏం రావాలి" అన్న కాలమ్‌ను పూర్తిగా చెరిపేయండి. మోడల్ గీయని మనిషికి ఆ పట్టికను, రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌ను ఇవ్వండి. మోడల్‌ను చూపించకండి. ఆ మనిషి వాక్యాలు చదివి కాలమ్ నింపాలి, ప్రతి జవాబు పక్కనా ఏ వాక్యం ఆధారంగా రాశారో దాని నంబర్ వేయాలి. ఆ తర్వాతే మోడల్ చెప్పే జవాబులతో పోల్చండి.

తేడా వచ్చిన చోట చాలా టీమ్‌లు మోడల్‌కు తగ్గట్టు టెస్ట్‌ను దిద్దేస్తాయి. అలా ఎప్పుడూ చేయకండి. మోడల్ తప్పు కావచ్చు, చదివిన మనిషి తప్పు కావచ్చు, లేదా ఆ వాక్యమే రెండు రకాలుగా అర్థమయ్యేలా ఉండొచ్చు. మూడోదైతే రిక్వైర్‌మెంట్ ఇచ్చినవాళ్లనే అడగాలి. నంబర్ వేయడానికి ఏ వాక్యమూ దొరకని గళ్లను కూడా వాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి. సిస్టమ్ నిజంగా కావలసినదేనా అని తేల్చే వ్యాలిడేషన్ పని మొదలయ్యేది ఈ ప్రశ్నల దగ్గరే.

వేరే మనిషి రాశారు కదా అని పూర్తిగా నిశ్చింతగా ఉండకండి. 1986లో నైట్, లెవెసన్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో ఒకే స్పెసిఫికేషన్‌కు 27 ప్రోగ్రాములను విడివిడిగా రాయించారు. ఎవరికి వారే రాసినా, ఒకే ఇన్‌పుట్ దగ్గర ఒకటికి మించి ప్రోగ్రాములు ఫెయిలవడం ఊహించినదానికంటే చాలా ఎక్కువగా కనిపించింది. కష్టమైన చోట అందరూ తడబడతారు. కాబట్టి హద్దుల దగ్గర విడిగా టెస్టులు పెట్టండి: రెండో తప్పు, మూడో తప్పు, లాక్ అయ్యాక ఇంకొకటి. తర్వాత కోడ్‌లో కావాలనే గార్డ్‌ను మార్చి చూడండి. ఒక్క టెస్ట్ కూడా ఫెయిల్ కాకపోతే ఆ టెస్టులు ఇంకా పనికిరావు.

విమాన సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్ని నియమంగానే పెట్టుకున్నారు. 2011లో విమాన సాఫ్ట్‌వేర్ ప్రమాణం డీవో-178సీతో పాటు వచ్చిన, మోడల్‌ల వాడకం గురించి చెప్పే డీవో-331 ప్రకారం, ఒకే మోడల్ స్పెసిఫికేషన్ మోడల్‌గానూ (ఏం కావాలో చెప్పేది) డిజైన్ మోడల్‌గానూ (ఎలా చేయాలో చెప్పేది) ఉండకూడదు.

మోడల్‌నూ దాని నుంచి వచ్చిన కోడ్‌నూ ఒకే ఇన్‌పుట్‌తో నడిపి ఫలితాలు పోల్చడం మంచి పనే. కోడ్ జనరేటరో కంపైలరో చేసిన తప్పు అందులో దొరుకుతుంది. సిమ్యులింక్ అనే మోడలింగ్ టూల్ వాడేవాళ్లు బ్యాక్-టు-బ్యాక్ టెస్టింగ్ అనేది దీన్నే. అది చేసేశాం కాబట్టి రిక్వైర్‌మెంట్ టెస్టింగ్ కూడా అయిపోయిందని మాత్రం రిపోర్ట్‌లో రాయకండి.

అడాప్టర్

"తప్పు పాస్‌వర్డ్" అన్న ఈవెంట్‌ను నిజమైన ఏపీఐ కాల్‌గా మార్చే చిన్న కోడ్ ఇది. ఇందులో షరతులు, లెక్కలు ఉండకూడదు. ఎన్ని తప్పులయ్యాయో అడాప్టర్ లెక్కపెట్టడం మొదలుపెడితే అది సిస్టమ్‌కు రెండో కాపీ అవుతుంది. ఇప్పుడు ఏ స్టేట్‌లో ఉన్నామో కూడా సిస్టమ్‌నే అడగాలి, అడాప్టర్ గుర్తుపెట్టుకోకూడదు.

మోడల్ మారినప్పుడు

దారులను మళ్లీ పూర్తిగా టూల్‌తోనే తీయించండి, చేత్తో అతుకులు వేయకండి. "ఏం రావాలి" కాలమ్‌ను మాత్రం తుడిచేయకండి. పక్కన వేసిన వాక్యం నంబర్లు చూసి, ఏ వాక్యాలు మారాయో వాటి జవాబులనే మళ్లీ రాయించండి. వాక్యం మారకుండా జవాబు మారిందంటే, ఆ మార్పును బిల్డ్‌లోకి పోనివ్వకుండా ఆపి, ఎవరు ఎందుకు మార్చారో అడగండి.